రోమ్ అసలు ఎక్కడ మలుపు తిరిగింది? 476 అని మాత్రం చెప్పకండి

#1 రాజు_తుని
నిన్న రాత్రి భోజనాల దగ్గర మా బావమరిదితో పెద్ద గొడవ. ఏదో వీడియో చూసొచ్చి "క్రీ.శ. 476 సెప్టెంబర్ 4న రోమ్ కూలిపోయింది" అన్నాడు, పంచాంగంలో గ్రహణం పట్టే టైము చెప్పినంత ధీమాగా. నేను ఊరుకోలేకపోయాను. ఆ రోజు జరిగిందల్లా ఏంటి? ఒడొయాకర్ అనే సేనాని రోములస్ అగస్టులస్ అనే కుర్రాణ్ణి గద్దె దింపాడు. చంపను కూడా లేదు. ఏడాదికి 6,000 బంగారు నాణేలు భరణం రాసి, కాంపానియాలో ఓ బంగళాకి సాగనంపాడు. రాజలాంఛనాలు మూటగట్టి కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న జీనోకి (సామ్రాజ్యం అప్పటికే రెండు ముక్కలు, ఆయన తూర్పు చక్రవర్తి) పంపేశాడు, ఇక్కడ వేరే చక్రవర్తి అక్కర్లేదు, మీరొక్కరు చాలు అని. సెనేట్ ఆ తర్వాత కూడా కూర్చుంటూనే ఉంది. దీన్ని కూలిపోవడం అంటారా?

సరే, నా ప్రశ్న. వెయ్యేళ్ళ పైబడ్డ ఆ చరిత్రలో అసలు మలుపు ఏది? ఒక్కటే చెప్పాలి, ఎందుకో చెప్పాలి. జాబితాలు వద్దు, అవి మా బావమరిది దగ్గర బోలెడున్నాయి.

#2 తెనాలి_తిక్క
ఆ కుర్రాడి పేరు చూశారా? ఊరు కట్టినవాడు రోములస్, సామ్రాజ్యం కట్టినవాడు అగస్టస్, ఇద్దర్నీ కలిపి పెట్టేశారు. పేరు గొప్ప ఊరు దిబ్బ.

#3 చరణ్_90
రూబికాన్. క్రీ.పూ. 49 జనవరి. సీజర్ ఏరు దాటాడు, గణతంత్రం పోయింది. థ్రెడ్ మూసేయొచ్చు.

#4 సంధ్య_డాలస్
తెనాలి గారూ, "అగస్టులస్" అంటేనే బుల్లి అగస్టస్ అని. జనం పెట్టిన వెక్కిరింపు అది. ఇంకో సంగతి, తూర్పు వాళ్ళ లెక్కలో పశ్చిమ చక్రవర్తి జూలియస్ నేపోస్. ఆయన డాల్మేషియాలో 480 దాకా బతికే ఉన్నాడు. అంటే 476 అన్న తేదీ వాళ్ళ లెక్క ప్రకారం కూడా తప్పే.

#5 కరణంగారి_మనవడు
చరణ్ బాబూ, తలుపు అప్పుడే వేసేయకు. సీజర్ కంటే 39 ఏళ్ళ ముందే సుల్లా అనే సేనాని సైన్యంతో రోమ్ మీదికి వచ్చాడు. దారి వేసినవాడు వేరు, నడిచినవాడు వేరు.

నా ఓటు క్రీ.పూ. 133కి. టైబీరియస్ గ్రాకస్ అనే ట్రిబ్యూన్, అంటే సామాన్యుల తరఫున ఎన్నికైన ప్రతినిధి. కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధాలప్పుడు రైతులు ఏళ్ళ తరబడి పొలాలు వదిలి సైన్యంలో ఉండిపోయారు. గెలిచిన నేల ప్రభుత్వ భూమి అయింది, దాన్ని పెద్దవాళ్ళు కలిపేసుకుని బానిసలతో సాగు చేయించారు. భూమి లేనివాడు సైన్యంలో చేరడానికి కూడా పనికిరాడు, ఎందుకంటే ఆస్తి ఉంటేనే సిపాయి. టైబీరియస్ అడిగింది కొత్తదేం కాదు. ఒక్కో మనిషికి 500 యూగెరాలు, అంటే మన లెక్కలో 310 ఎకరాల దాకా. అంతకు మించి ప్రభుత్వ భూమి ఉంచుకోవద్దు, మిగిలింది లేనివాళ్ళకి పంచుదాం అన్నాడు. కొడుకుల పేరు మీద అదనంగా ఉంచుకోవచ్చు అని కూడా అన్నాడు, పాపం.

తోటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్ అడ్డం పడితే అతన్ని ఓటు పెట్టించి పదవిలోంచి తీయించాడు. అది అంతకుముందు ఎప్పుడూ జరగని పని. మళ్ళీ ఏడాది పోటీకి నిలబడేసరికి సెనేటర్లు బల్లల కాళ్ళు విరగ్గొట్టి, వాటితోనే కొట్టి చంపారు. అతనితో పాటు 300 మందిని. శవాలు టైబర్ నదిలోకి. చంపడానికి ముందు నడిచింది సిపియో నాసికా, చనిపోయినవాడికి వరసకి అన్నదమ్ముడు, పైగా ప్రధాన పురోహితుడు. అంతవరకు రోమ్‌లో రాజకీయం అంటే అరుపులు, వాకౌట్లు. ఆ రోజు నుంచి రక్తం. నెత్తురు రుచి మరిగాక మళ్ళీ మాటల దగ్గరికి ఎవరూ వెనక్కి రాలేదు.

#6 విజ్జి_గుంటూరు
కొడుకుల పేరు మీద అదనమా! 1973 భూ పరిమితి చట్టం గుర్తొచ్చింది. మా తాతగారి ఊళ్ళో పాలేరు పేరు మీద, పుట్టని మనవడి పేరు మీద రాశారని ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. ఎద్దులకి కూడా పట్టాలు ఇచ్చేవాళ్ళేమో, వేలిముద్ర పడదు కాబట్టి ఆగారు.

#7 కరణంగారి_మనవడు
విజ్జి గారూ, ఇది వినండి. ఈ 500 యూగెరాల పరిమితి మొదట క్రీ.పూ. 367లో లిసీనియస్ స్టోలో తెచ్చిన చట్టం. పదేళ్ళకి ఆ చట్టం కిందే జరిమానా పడిన మహానుభావుడు ఎవరనుకున్నారు? లిసీనియస్ స్టోలోనే. కొడుక్కి వేరు కాపురం చూపించి ఇద్దరూ కలిసి 1,000 యూగెరాలు పెట్టుకున్నాడు. చరిత్రకారుడు లివీ రాశాడు.

#8 తెనాలి_తిక్క
బినామీకి తండ్రి దొరికాడు. ఫొటో కట్టించాలి.

#9 హవల్దార్_రిటైర్డ్
నేను పదిహేడేళ్ళు యూనిఫారంలో ఉన్నవాణ్ణి. పుస్తకాలు మీ అంత చదవలేదు గానీ ఒకటి చెబుతా. జీతం ఎవరిస్తున్నారు, రేపు ఇంటికెళ్ళాక ఎవరు చూస్తారు అన్నది ఏ సిపాయీ మర్చిపోడు. రోమ్ మలుపు అక్కడ వెతకండి.

క్రీ.పూ. 107లో మారియస్ అనే సేనాని ఆస్తి లేనివాళ్ళని కూడా చేర్చుకున్నాడు. వాళ్ళకి యుద్ధం అయ్యాక వెళ్ళడానికి పొలం లేదు. భూమి ఎవరివ్వాలి? సెనేట్ ఇవ్వదు. సేనాని ఇప్పించాలి. ఇంకేముంది, సైన్యం సేనానిది అయిపోయింది. క్రీ.పూ. 88లో తూర్పున ఉన్న రాజు మిత్రిడేటిస్ మీద యుద్ధం సుల్లా నుంచి లాగి మారియస్‌కి ఇచ్చారు. తూర్పున దోపిడీ సొమ్ము వేరేవాళ్ళ పాలవుతుందని సిపాయిలకి భయం. కబురు తెచ్చిన అధికారుల్ని రాళ్ళతో కొట్టి చంపారు. సుల్లా "రోమ్ మీదికి పోదాం" అంటే పెద్ద అధికారుల్లో ఒక్కడు తప్ప అందరూ వదిలేసి పోయారు. సిపాయిలు మాత్రం కదిలారు. ఆ ఒక్క వాక్యంలో అంతా ఉంది. అధికారులకి సిగ్గుంది, సిపాయికి అవసరం ఉంది.

#10 సంధ్య_డాలస్
హవల్దార్ గారూ, సుల్లా వరకు మీతోనే. మారియస్ దగ్గర మాత్రం ఆగుతాను. "మారియస్ సంస్కరణలు" అని ఒక్క దెబ్బతో జరిగినట్టు పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది గానీ, సైన్యంలో చేరడానికి కావాల్సిన ఆస్తి అర్హత అప్పటికే తగ్గుతూ తగ్గుతూ వచ్చింది. ఆయన చేసింది ఒక సందర్భంలో, ఒక యుద్ధానికి. ఆయన తర్వాత కూడా బలవంతపు భర్తీ ఆగలేదు. ఈమధ్య చరిత్రకారులు చాలామంది ఆ పేరునే పక్కన పెడుతున్నారు.

#11 హవల్దార్_రిటైర్డ్
సరేనమ్మా, మారియస్‌ని వెనక్కి తీసుకుంటున్నా. సుల్లాని మాత్రం ఇవ్వను.

#12 చరణ్_90
అందరూ వచ్చి నా రూబికాన్‌లో కాళ్ళు కడుక్కుని పోతున్నారు.

#13 లెక్కల_మాస్టారు
హవల్దార్ గారి మాటనే పట్టుకుని ముందుకి వెళ్దాం. ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పిన మొదటివాడు అగస్టస్. ఆక్టియం దగ్గర అంతర్యుద్ధం గెలిచాక (క్రీ.పూ. 31) అతని చేతిలో ఉన్న పెద్ద సమస్య శత్రువు కాదు, తన సిపాయిలే. క్రీ.శ. 6లో సైన్యానికని వేరే ఖజానా పెట్టాడు. సొంత సొమ్ము 17 కోట్ల సెస్టర్సులు వేశాడు, మిగతాది పౌరుల మీద 5 శాతం వారసత్వ పన్ను, వేలం అమ్మకాల మీద 1 శాతం పన్ను. ఇరవై ఏళ్ళు పనిచేసిన సిపాయికి దిగిపోయేటప్పుడు 12,000 సెస్టర్సులు, అంటే పదమూడేళ్ళ జీతం. సెనేటర్లు వారసత్వ పన్ను మీద గోలగోల చేశారు. "సరే, ఇంకేదైనా పన్ను మీరే చెప్పండి" అన్నాడు. చెప్పలేకపోయారు.

నా దృష్టిలో మలుపు అదే. యుద్ధం కాదు, గ్రాట్యుటీ. సేనాని దయ మీద బతికే సిపాయి పోయి, సర్కారు ఉద్యోగి వచ్చాడు. అందుకే తర్వాత రెండు వందల ఏళ్ళలో అంతర్యుద్ధాలు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని.

#14 విజ్జి_గుంటూరు
మాస్టారూ, పదవీ విరమణ లాభాలు మలుపు అయితే మా నాన్నగారి ఫైలు కదిలిన రోజు ప్రపంచ చరిత్రలోనే పెద్ద మలుపు. మూడేళ్ళు తిరిగాం. ఏ ఆఫీసో చెప్పను.

#15 నాణేల_పిచ్చోడు
ఎవరూ మన వైపు చూడట్లేదు. క్రీ.పూ. 30. ఈజిప్టు రోమ్ చేతికి వచ్చిన ఏడాది. ఎర్ర సముద్రం రేవులు వాళ్ళవైపోయాయి. ఒక్క మయోస్ హార్మోస్ రేవు నుంచే ఏటా 120 ఓడలు ఇండియాకి బయల్దేరుతున్నాయని భూగోళం రాసిన స్ట్రాబో విన్నాడు. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని రోమన్ రచయిత పెద్ద ప్లినీ ఏడ్చాడు. మిరియాలు ఎక్కువగా కేరళ తీరం నుంచే పోయేవి గానీ, మన కృష్ణా తీరాన్ని మసాలియా అని గ్రీకు నావికుల గైడులో రాశారు, అక్కడ మేలురకం బట్ట నేస్తారని. అంటే మచిలీపట్నం వైపు.

ఇక అసలు సంగతి. దక్షిణాదిలో దొరికిన రోమన్ వెండి దాదాపు అంతా అగస్టస్, అతని తర్వాతి చక్రవర్తి టైబీరియస్ బొమ్మలున్నదే. నీరో క్రీ.శ. 64లో దీనారులో వెండి తగ్గించాక, వెండి నాణేలు ఇటు రావడం బాగా పడిపోయింది. మనవాళ్ళు పాత నాణేన్నే కోరుకున్నారని ఒక వాదన. రోమ్ సెనేట్‌కి తెలియకముందే మన కంసాలికి తెలిసిపోయి ఉంటుంది, గీటురాయి మీద ఒక్క గీత చాలు. కాబట్టి నా మలుపు 64. ఆ రోజు మొదలైన కల్తీ తర్వాతి రెండొందల ఏళ్ళలో ఎక్కడిదాకా పోయిందో మాస్టారిని అడగండి.

#16 నల్లగొండ_పోరడు
అన్నా, గీ మాట కోసమే సూస్తున్న. మా జిల్లా అక్కనపల్లిల దొరికిన లంకెబిందెల సంగతి జెప్పవా? పదిహేను వందలకు పైన వెండి దీనార్లు, అగస్టస్‌వి, టైబీరియస్‌వి. మా తాత జెప్తుండె, పొలం దున్నేటప్పుడు నాగలికి టంగుమంటే ఎడ్లను ఆపి మట్టి తీసి సూడాలె అని. మాకైతే ఎన్నడు బండలు తప్ప తగల్లే.

#17 నాణేల_పిచ్చోడు
తమ్ముడూ, చెప్పినందుకు సంతోషం. నేను మొదటిసారి రోమన్ నాణెం చూసింది హైదరాబాద్ మ్యూజియంలో, తొమ్మిదో తరగతి విహారయాత్రలో. అందరూ మమ్మీ దగ్గర మూగితే నేను నాణేల అద్దం దగ్గర ఉండిపోయాను. బస్సు నన్ను వదిలేసి పోబోయింది.

ఇంకోటి. శ్రీనాథుడికి కనకాభిషేకం జరిగింది దీనారాలతో అని చదువుకున్నాం కదా. ఆ మాట రోమన్ దీనారుదే. వెండి నాణెం పేరు సంస్కృతంలోకి వచ్చి బంగారం అయి కూర్చుంది.

#18 తెనాలి_తిక్క
రోమ్‌లో వెండి రాగి అవుతుంటే మన దగ్గర వెండి బంగారం అయింది. బేరం మనదే.

#19 లెక్కల_మాస్టారు
పిచ్చోడు గారు నన్ను లాగారు కాబట్టి. అగస్టస్ దీనారు దాదాపు స్వచ్ఛమైన వెండి. చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ నాటికి సుమారు సగం. క్రీ.శ. 260ల చివరికి వచ్చేసరికి పెద్ద నాణెంలో కూడా వెండి 5 శాతం లోపే, రాగి మీద పూత. ఎందుకు? మళ్ళీ హవల్దార్ గారి ప్రశ్నే. 193లో అంగరక్షక దళం పాత చక్రవర్తిని చంపి, గద్దెని నిజంగానే వేలం వేసింది. డిడియస్ జూలియానస్ సిపాయి తల ఒక్కింటికి 25,000 సెస్టర్సులకి పాడుకున్నాడు. 66 రోజులు ఏలాడు, చచ్చాడు. ఆ తర్వాత వచ్చిన సెవెరస్ పోతూ పోతూ కొడుకులతో ఏమన్నాడో చరిత్రకారుడు డియో రాశాడు: కలిసి ఉండండి, సిపాయిలకి డబ్బు పోయండి, మిగతావాళ్ళని పట్టించుకోకండి. పెద్దకొడుకు కారకల్లా మొదటి మాట ఏడాదిలోపే తప్పాడు, తల్లి ఒడిలోనే తమ్ముణ్ణి చంపించాడు. రెండోది, మూడోది మాత్రం తు.చ. తప్పలేదు.

#20 రాజు_తుని
మాస్టారూ, అదే కారకల్లా 212లో సామ్రాజ్యంలో ఉన్న స్వతంత్రులందరికీ పౌరసత్వం ఇచ్చాడు కదా. నాకది పెద్ద మలుపుగా కనిపిస్తుంది. గెలిచినవాడు, ఓడినవాడు అనే తేడానే పోయింది.

#21 లెక్కల_మాస్టారు
వారసత్వ పన్ను కట్టాల్సింది పౌరులే అని 13లో చెప్పాను. కారకల్లా దాన్ని 5 నుంచి 10 శాతం చేశాడు, పౌరుల సంఖ్యనీ పెంచాడు. మిగతాది మీరే కలుపుకోండి. డియో కూడా అదే అనుమానించాడు. ఉద్దేశం ఏదైనా ఫలితం మాత్రం మీరన్నదే, అది ఒప్పుకుంటా.

#22 కాలవగట్టు_ఇంజనీరు
ఇరిగేషన్‌లో ముప్పై ఏళ్ళు చేసి ఇంట్లో కూర్చున్నాను, చెప్పక ఉండలేను. మీరంతా సైన్యం, డబ్బు, భూమి అంటున్నారు. నీళ్ళు ఎవరూ అనలేదు.

నా మలుపు క్రీ.శ. 537. తూర్పు సేనాని బెలిసారియస్ రోమ్‌ని తిరిగి పట్టుకుని లోపల ఉన్నాడు, గోత్ తెగ రాజు విటిగిస్ బయట ముట్టడి వేశాడు. ఊరికి నీళ్ళు తెచ్చే కాలవలన్నీ విటిగిస్ తెగ్గొట్టించాడు. క్రీ.పూ. 312లో మొదటి కాలవ కట్టిన దగ్గర్నుంచి 850 ఏళ్ళు కొండల మీది నుంచి వాలు చూసుకుని, పంపు లేకుండా, మోటారు లేకుండా వచ్చిన నీళ్ళు. ఆగిపోయాయి. స్నానశాలలు మూతబడ్డాయి. జనికులం కొండ మీద పిండి మరలు ఆ నీళ్ళతోనే తిరిగేవి, అవీ ఆగాయి. అప్పుడు బెలిసారియస్ ఏం చేశాడంటే, టైబర్‌లో రెండేసి పడవలు పక్కపక్కన కట్టి, మధ్య చక్రం పెట్టి, ప్రవాహంతో మర తిప్పించాడు. పడవ మీద పిండిమర! ఆ మాట చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, కాగితం తీసి బొమ్మ గీసుకున్నాను.

అగస్టస్ కాలంలో పది లక్షల ఊరు. ఆ గోత్‌ల యుద్ధాలు అయ్యేసరికి కొన్ని పదుల వేలకి మించి జనం లేరు. చక్రవర్తి పోతే ఊరు బతుకుతుంది, నీళ్ళు పోతే ఎలా బతుకుతుంది?

#23 విజ్జి_గుంటూరు
ఇంజనీరు గారూ, అక్కడ కూడా అక్రమ కనెక్షన్లు ఉండేవా?

#24 కాలవగట్టు_ఇంజనీరు
ఉండేవా అని అడుగుతారేంటమ్మా! క్రీ.శ. 97లో ఫ్రాంటినస్ అనే ఆయన్ని నీటి శాఖ మీద వేశారు. లెక్క చూసుకుంటే ఎక్కిన నీళ్ళకీ దిగిన నీళ్ళకీ పొంతన లేదు. తవ్వి చూస్తే వీధుల కింద ఊరంతా దొంగ గొట్టాలు. సిబ్బందే డబ్బు తీసుకుని మెయిన్ లైనుకి చిల్లులు పెట్టారు, ఆ పని చేసేవాడికి ప్రత్యేకంగా ఒక పేరే ఉండేది. పీకిన సీసం బోలెడు పోగైందట. ఆయన రాసిన రిపోర్టు చదివితే మా డివిజన్ ఫైలు చదివినట్టే ఉంది.

#25 సంధ్య_డాలస్
రెండేళ్ళ క్రితం వెళ్ళాం రోమ్‌కి. ట్రెవీ ఫౌంటెన్ దగ్గర మావారు నాణెం వేస్తుంటే గైడ్ చెప్పింది, ఈ నీళ్ళు క్రీ.పూ. 19లో అగ్రిప్పా కట్టించిన కాలవవే అని. చాలాభాగం భూమి కింద నడవడం వల్ల అది మిగిలింది. సీజర్‌ని చంపిన చోటు కూడా చూశాం, ఇప్పుడక్కడ పిల్లులు పడుకుంటున్నాయి. చరణ్ గారికి ఫొటో పంపమంటే పంపుతా.

కానీ ఇంజనీరు గారూ, 537 నాటికి ఆట ఎప్పుడో అయిపోయింది. నా మలుపు 439 అక్టోబర్ 19. కార్తేజ్. గైసెరిక్ అనే రాజు తన తెగ వాండల్స్‌ని 429లో స్పెయిన్ నుంచి ఓడల మీద ఆఫ్రికాకి దాటించాడు, పదేళ్ళలో కార్తేజ్ పట్టాడు. పశ్చిమ సామ్రాజ్యానికి ధాన్యం, నూనె, పన్ను అన్నీ ఎక్కువగా వచ్చింది అక్కడి నుంచే. హవల్దార్ గారి జీతం ప్రశ్న ఇక్కడికి పట్టుకురండి. 444లో వాలెంటీనియన్ 3 శాసనం తీశాడు, ఉన్న సిపాయిలకి తిండీ బట్టా పెట్టడానికే ఖజానా చాలట్లేదని తానే ఒప్పుకుంటూ. ప్రతి అమ్మకం మీద 24వ వంతు పన్ను వేశాడు. డబ్బు లేదు, కాబట్టి సైన్యం లేదు, కాబట్టి ఇంకో రాష్ట్రం పోతుంది, కాబట్టి ఇంకా డబ్బు లేదు. ఆ సుడిలోంచి పైకి రాలేదు.

468లో తూర్పు, పడమర కలిసి వెయ్యికి పైగా ఓడలతో ఆఫ్రికా మీదికి వెళ్ళాయి. గైసెరిక్ ఐదు రోజులు గడువు అడిగాడు, తూర్పు సేనాని బసిలిస్కస్ ఇచ్చాడు. గాలి తిరగ్గానే గైసెరిక్ మండే ఓడల్ని వదిలాడు. మీ 476 దానికి ఎనిమిదేళ్ళ తర్వాత. దినకర్మ లాంటిది.

#26 కరణంగారి_మనవడు
ఐదు రోజులు గడువు ఇచ్చినవాడికి దండ వేయాలి.

#27 నల్లగొండ_పోరడు
376ని మరిచిపోయిండ్రా అందరు? హూణుల భయానికి గోత్ తెగోళ్ళు డాన్యూబ్ నది దాటి మమ్మల్ని రానియ్యుండ్రి అని అడిగిండ్రు. రోమ్ సర్కారు సరే అన్నది. తిండి వెట్టాల్సిన అధికార్లు ఏం జేసిండ్రో తెల్సా? కుక్కలను కోసి అమ్మిండ్రు, ఒక్క కుక్కకు ఒక్క మనిషిని బానిసగ తీస్కున్నరు. గోత్‌ల దొరలు గూడ కన్నకొడుకులను ఇచ్చిండ్రు. రెండేండ్లకు అడ్రియనోపుల్ కాడ చక్రవర్తి వాలెన్స్ పాయె, సైన్యంల మూడొంతుల్ల రెండొంతులు పాయె. ఆకలితో వచ్చినోణ్ణి గట్ల జూసినంక ఇంకేం మిగుల్తది? నాకైతే గదే మలుపు. ఎవడు గెలిచిండు, పన్నెంత అన్నది తర్వాత ముచ్చట.

#28 హవల్దార్_రిటైర్డ్
ఈ కుర్రాడి మాట గట్టిగా తగిలింది. చరిత్ర రాసిన అమ్మియానస్ రోమన్ సైన్యంలో పనిచేసినవాడే, ఆయనే రాశాడు ఈ కుక్కల సంగతి. సొంత అధికారుల గురించి అలా రాయాలంటే ఎంత కడుపు మండి ఉండాలి.

#29 సంధ్య_డాలస్
అడ్రియనోపుల్ తూర్పు సైన్యం ఓటమి. తూర్పు తట్టుకుంది కదా? ఈజిప్టు, సిరియా పన్నులు చేతిలో ఉన్నాయి కాబట్టి. 1453 దాకా ఈడ్చింది. కాబట్టి 439 మీద నేను కదలను.

#30 నల్లగొండ_పోరడు
అక్కా, తట్టుకున్నది సర్కారు. పిల్లల్ని అమ్ముకున్నోళ్ళు తట్టుకున్నరా?

#31 రాజు_తుని
దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఒకటి చెప్పాలి. 476లో ఒడొయాకర్ సిపాయిలు అడిగింది ఏంటో మళ్ళీ చూశాను. ఇటలీ భూమిలో మూడో వంతు. కుర్రాడి తండ్రి ఒరెస్టిస్ ఇవ్వనన్నాడు, ప్రాణం పోయింది. కరణం గారి 133లో రైతు సిపాయి అడిగింది భూమి, హవల్దార్ గారి సిపాయి ఆశ భూమి, ఇక్కడ కూడా భూమే. 476ని నేను మరీ తీసిపారేశానేమో.

#32 బావమరిది_నేనే
ఆ బావమరిదిని నేనే. బావ చెప్పనిది ఏంటంటే, ఆ వీడియో రెండు భాగాలు. రెండో దాంట్లో "476 అనేది చెప్పుకోవడానికి ఒక తేదీ మాత్రమే" అనే చెప్పాడు. బావ నా మొదటి వాక్యం వినగానే పప్పు గిన్నె పక్కన పెట్టి లేచాడు.

#33 తెనాలి_తిక్క
పప్పు గిన్నె పక్కన పెట్టిన టైము ఎంత? మలుపు అదే.

#34 చరణ్_90
సంధ్య గారూ, ఆ పిల్లుల ఫొటో పంపండి.